పూజలో ఉన్న రిజిస్టరు

ముప్పై ఏళ్ళు ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే, నంబర్లు పంచాను అంటాను. నవ్వుతారు గానీ అది నిజం. బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్లో, క్యాంపస్ నెట్‌వర్కుకు తగిలించే ప్రతి కంప్యూటరుకూ ఒక ఐపీ నంబరు ఇచ్చి రిజిస్టరులో రాసుకోవడం నా పని. ఇవాళ మీరు గేటు దాటగానే మీ ఫోను తనంతట తానే నంబరు పుచ్చుకుంటుంది. ఆ రోజుల్లో నన్ను అడగాలి. అడగడం కూడా ఊరికే కాదు, మూడు కాపీల ఫారం నింపి, గైడు సంతకం, విభాగాధిపతి సంతకం పెట్టించి, నా బల్ల ముందు నిలబడాలి. ఆ నిలబడడం నాకు నచ్చేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నేను చేరిన కొత్తలో, తొంభైల మొదట్లో, భవనమంతా ఒకటే నల్లటి వైరు. ఒక గదిలో ఎవరైనా కుర్చీ జరిపితే చాలు, వైరు వదులై మూడంతస్తుల్లోనూ నెట్‌వర్కు నిలిచిపోయేది. అప్పుడు నేనూ మా వైర్‌మనూ గది గదికీ తిరిగి ఎక్కడ ఊడిందో వెతికేవాళ్ళం. మా వైర్‌మన్ నాకన్నా పదేళ్ళు పెద్ద. వాళ్ళ తాతల కాలంలోనే బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. మాటలో సగం కన్నడం. వైరు ఎక్కడ వేసినా చివర తెల్ల టేపు చుట్టి, దాని మీద నల్ల ఇంకుతో నేనిచ్చిన నంబరు రాసేవాడు. ఎందుకయ్యా, రిజిస్టరు ఉంది కదా అంటే, "నీ పుస్తకం నీకాడ ఉంటాది సార్, నా వైరు నాకాడ ఉంటాది" అనేవాడు.

రెండువేలు దాటేసరికి క్యాంపస్‌లో కంప్యూటర్లు పెరిగాయి, తగాదాలూ పెరిగాయి. ఒకరి నంబరు ఇంకొకరు పెట్టుకోవడం, సినిమాలు దించుకోవడం, ప్రొఫెసర్లకు ఆకాశరామన్న మెయిళ్ళు. మా డైరెక్టరు నియమావళి రాయమన్నాడు. మైసూరు వైపు మనిషి, మంచివాడే, గొడవంటే మాత్రం గిట్టదు. నేను తొమ్మిది నియమాలు రాశాను. ఫారం లేనిదే నంబరు లేదు. రిజిస్టరులో ఎక్కనిదే కనెక్షన్ లేదు. ఒక నంబరు నుంచి ఏం జరిగినా పూర్తి బాధ్యత ఆ నంబరు తీసుకున్నవారిదే. ఉల్లంఘిస్తే కనెక్షన్ తీసేసి, పేరు నోటీసు బోర్డులో పెడతాం. ఈ చివరి ముక్క నా సొంత తెలివి. పేరు పెడితే భయపడతారని నా నమ్మకం.

ఆ ఏడాది దసరాకు మా సెంటర్లో ఆయుధపూజ ఘనంగా చేశాం. బెంగళూరులో పనిచేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడతారు, సెలవులయ్యాక పూజలోంచి తీసేదాకా ముట్టరు. లేబరేటరీల్లో కంప్యూటర్లన్నీ ఆపి, తెర మీద విభూది రేఖలు, కుంకుమ, పైన బంతిపూలు. మా సర్వరును ఆపలేం కాబట్టి నడుస్తున్నదానికే దండ వేశాం. స్క్రూడ్రైవర్లు, టెస్టర్లు, వైరు కోసే కత్తెర, అన్నిటికన్నా పైన నా రిజిస్టరు. దానికి నేనే దగ్గరుండి పసుపు రాసి కుంకుమ పెట్టాను. వైర్‌మన్ గేటు దగ్గర బూడిదగుమ్మడికాయ కొట్టాడు. బొరుగులు, బెల్లం, కొబ్బరి పంచుకుని ఇంటికి బయలుదేరుతుంటే ఫోను మోగింది.

ఒక పెద్ద ప్రొఫెసరు. ఆయన నిర్వహించే అంతర్జాతీయ సమావేశానికి విదేశీయులు మధ్యాహ్నానికే దిగుతున్నారు. మైసూరు దసరా కూడా చూపించొచ్చని ఆ తేదీలు పెట్టుకున్నాడు. గెస్ట్‌హౌసు హాల్లో వాళ్ళ కోసం ఒక కంప్యూటరు పెట్టారు గానీ దానికి నెట్‌వర్కు లేదు. నేను ఫారం అన్నాను. ఆయన వైస్ ఛాన్సలరుతో మాట్లాడిస్తానన్నాడు. సరే, వెళ్ళాం. పని ముట్టకూడని రోజు అని వైర్‌మన్ దారంతా గొణుగుతూనే ఉన్నాడు. గోడకు పాయింటు ముందే ఉంది కాబట్టి పనిముట్టు తీయకుండా, ఉన్న వైరే తగిలించాడు.

ఇక నంబరు. రిజిస్టరు పూజలో ఉంది. దాన్ని తెరిచి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నాకు నంబర్లన్నీ నోటికొచ్చనే పొగరు కూడా ఉంది. ఖాళీగా ఉందనిపించిన ఒక నంబరు గుర్తుచేసుకుని, దానికి పింగ్ కొట్టాను. పింగ్ అంటే తలుపు తట్టి చూడడం. లోపల కంప్యూటరు ఉంటే పలుకుతుంది. ఏమీ పలకలేదు. ఖాళీయే అనుకుని ఆ నంబరు పెట్టేశాను, పండగ అయ్యాక రిజిస్టరులో రాద్దామనుకున్నాను. సమావేశం నాలుగు రోజుల్లో ముగిసింది. సెలవులు పూర్తయ్యేలోపే ఆ కంప్యూటరు స్టోరుకు పోయింది. నేను రాయడం మరిచిపోయాను.

క్యాంపస్‌లో సగం కంప్యూటర్లు బొట్టు పెట్టుకుని నిద్రపోతున్న రోజున తలుపు తట్టి, ఎవరూ పలకలేదు కాబట్టి ఇల్లు ఖాళీ అనుకున్న మనిషిని నేను. అప్పటికి ఈ ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

రెండు వారాల తర్వాత పిడుగు పడింది. మాకు శాస్త్ర పత్రికలు అందించే విదేశీ ప్రచురణ సంస్థ ఒకటి క్యాంపస్ మొత్తానికి పత్రికలు ఆపేసింది. ఆయుధపూజ నాడూ, మర్నాడు విజయదశమి నాడూ ఎవరో ఒక కంప్యూటరు నుంచి కొన్నేళ్ళ సంచికలు వరసబెట్టి దించేసుకున్నారట. అది ఒప్పందానికి విరుద్ధం. దోషిని గుర్తించి చర్య తీసుకుంటే తప్ప మళ్ళీ తెరవబోమన్నారు. పరిశోధకులు మా సెంటరు మీద పడ్డారు. వైస్ ఛాన్సలరు మా డైరెక్టరుకు రోజుకు రెండుసార్లు ఫోను. ఏ కంప్యూటరు ఏం దించిందో రాసుకునే సర్వరు లాగ్ తీశాను. అందులో మనిషి పేరుండదు, నంబరు ఉంటుంది. రిజిస్టరు తిరగేశాను. ఆ నంబరు ఎదురుగా జీవరసాయన విభాగంలో ఒక పరిశోధక విద్యార్థిని పేరుంది. చేతిరాత నాదే. ఇంక సందేహం దేనికి? కనెక్షన్ తీసేశాను, ఆమె పేరు, రోల్ నంబరు, లేబరేటరీ, గైడు పేరు టైపు చేయించి క్యాంపస్‌లోని పదకొండు బోర్డుల్లో అంటించాను. నిజం చెప్పాలంటే, నా నియమం పనిచేసిందని సంతోషం కూడా కలిగింది.

ఆ అమ్మాయి సాయంత్రానికి వచ్చింది. సన్నగా, నూనె రాసి బిగించిన జడ. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నేను తెలుగువాణ్ణని తెలిశాక తెలుగులోకి మారింది.

"సార్, ఆ పొద్దు మా సిస్టమ్స్ అన్నీ పూజలో ఉన్యాయి. నేనే బొట్టు పెట్టినా. ఆన్ చేసిందే లేదు."

"మర్నాడు లేబ్‌కు వచ్చావా లేదా?"

"వచ్చినా. కల్చర్స్ ఉండాయి సార్, మేం పెంచే సూక్ష్మజీవులు, చూడకపోతే చచ్చిపోతాయి. అవి చూసుకోని ఎల్లిపోయినా."

సెక్యూరిటీ దగ్గర తాళాల పుస్తకంలో విజయదశమి నాడు ఆమె సంతకం ఉంది. ఆ సెలవు రోజున ఆ అంతస్తులో తాళం తీసుకున్నది ఆమె ఒక్కతే. అది కూడా నేనే, డీను అధ్యక్షతన వేసిన విచారణ కమిటీకి పంపించాను. "పూజలో ఉన్నానని కంప్యూటరు వచ్చి నీ తరఫున సాక్ష్యం చెప్పదులే అమ్మా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె ఏడవలేదు. "మా అమ్మ బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతాది సార్. ఫెలోషిప్ పోతే హాస్టల్ పోతాది. ఇంటికి ఏమని పోవాల?" అని అడిగింది. కమిటీకి చెప్పుకో అన్నాను. గైడు అప్పటికే తన లేబరేటరీలో అడుగుపెట్టొద్దని చెప్పేశాడట. అంటే మూడేళ్ళ పని ఆ గదిలో ఉండిపోయింది, ఆమె బయట ఉంది.

విచారణ ఒక సోమవారం పదకొండు గంటలకు. తొమ్మిదిన్నరకు నేను రిజిస్టరును సంచిలో పెట్టుకుంటున్నాను. వైర్‌మన్ టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, అట్ట మీద ఎండిన కుంకుమ చూసి నవ్వాడు.

"ఆ పొద్దు దీన్ని ముట్టనే లేదు గదా సార్ నువ్వు. గెస్ట్‌హౌస్‌లో నిలబడుకోని నెత్తిలోంచి నంబరు తీసిస్తివి. నేను టేపు మీద రాస్తిని."

సంచి బల్ల మీద పెట్టేశాను. "ఏం నంబరు?" అని అడిగాను.

"నాకేం గ్యాపకం ఉంటాది? వైరు ఆడనే ఉండాది, చూద్దాం రా."

అరవై ఎకరాల క్యాంపస్‌లో గెస్ట్‌హౌసు ఆ చివర. ఇద్దరం నా స్కూటరు మీద వెళ్ళాం. హాల్లో అలమారా తాళం చెవి వంటమనిషి దగ్గరుంది, అతను కూరగాయలకు వెళ్ళాడు. గడియారం పదీ పది. వైర్‌మన్ కూర్చుని బీడీ ముట్టించాడు. నేను హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, అది వేరే నంబరే అయుండాలని మొక్కుకున్నాను. ఇది దాచను. ఆ పిల్ల బయటపడాలని కాదు, నేను బయటపడాలని మొక్కుకున్నాను. వంటమనిషి పదిన్నరకు వచ్చాడు. అలమారాలో చుట్టగా వైరు, చివర తెల్ల టేపు, దాని మీద వైర్‌మన్ గుండ్రటి అంకెలు. ఆ అమ్మాయి నంబరే.

అప్పుడు అన్నీ ఒకదాని వెంట ఒకటి తెలిసొచ్చాయి. ఆమె కంప్యూటరు పూజలో ఉంది కాబట్టే నా పింగ్‌కు పలకలేదు. విజయదశమి నాడు ఆమె దాన్ని తెరిచి ఉంటే, ఈ నంబరు ఇంకెవరో వాడుతున్నారని తెర మీదే వచ్చేది, గొడవ ఆ రోజే తేలిపోయేది. పూజ చేసినదాన్ని ముట్టకూడదని ఆమె ముట్టలేదు. దించుకున్నది గెస్ట్‌హౌసులో దిగిన అతిథుల్లో ఎవరో, ఎవరన్నది ఈ రోజుకీ తెలియదు.

టేపు ఊడదీసి జేబులో పెట్టుకుని డైరెక్టరు గదికి పరిగెత్తాను. ఆయన అంతా విన్నాడు. లేచి తలుపు మూశాడు. ఆయన కన్నడంలో అన్నది తెలుగులో రాస్తున్నాను.

"ఇప్పుడు ఇది చెబితే ఏమవుతుందో తెలుసా? కంప్యూటర్ సెంటరే తప్పు చేసిందని ఆ విదేశీ సంస్థకు రాయాలి. నీ ప్రమోషన్ ఫైలు ఈ వారమే పైకి వెళుతోంది. ఆ అమ్మాయి క్షమాపణ రాసిస్తే వార్నింగుతో వదిలేస్తారు, నేను డీనుతో మాట్లాడాను."

"గైడు వెళ్ళగొట్టాడు సార్."

"ఇంకో గైడు దొరుకుతాడు. నీ రిజిస్టరులో ఆ పేజీలో ఒక గీత ఖాళీగా ఉంది కదా. గెస్ట్‌హౌసుకు వేరే నంబరు ఇచ్చినట్టు రాసెయ్. ఎవరడుగుతారు?"

నేను రాయలేదు. కానీ రాయను అని కూడా అనలేదు. పన్నెండేళ్ళుగా నన్ను వెనకేసుకొచ్చిన మనిషి ఆయన. టేపు జేబులోనే ఉంచుకుని ఆయన వెనకే కమిటీ గదికి నడిచాను.

అధ్యక్షస్థానంలో డీను, పక్కన ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక చివర ఆ అమ్మాయి. డీను నన్ను అడిగాడు: "ఈ నంబరు ఇంకెవరికైనా ఇచ్చారా?"

"రిజిస్టరు ప్రకారం లేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అది అంత నీచంగా ఉంది. వయసులో చిన్నవాళ్ళు మీరు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఉద్యోగంలో మనం చేసే పెద్ద తప్పులు చాలావరకు ఇలా అబద్ధం కాని మాటలతోనే చేస్తాం.

ఆమె తన మాట మళ్ళీ చెప్పింది. పూజ, బొట్టు, కల్చర్లు. ఒక ప్రొఫెసరు తాళాల పుస్తకం ముందుకు తోశాడు. ఆమె "అవును, నా సంతకమే" అంది. డీను మెత్తటి మనిషి. "చూడమ్మా, మొండికేస్తే రిజిస్ట్రేషన్ రద్దు చేయాల్సి వస్తుంది. తెలియక చేశానని రాసి సంతకం పెట్టు, ఇక్కడితో ముగిద్దాం" అని టైపు చేసిన కాగితం జరిపాడు. మా డైరెక్టరు తల ఊపాడు. గదిలో అందరికీ తొందరగా తేలిపోతే బాగుండుననే ఉంది.

ఆమె కాగితం చాలాసేపు చదివింది. చేయని తప్పు తన నోటితో ఒప్పుకోవాలి, లేదా మూడేళ్ళూ వదులుకుని బొమ్మనహళ్ళి బస్సెక్కాలి. పెన్ను మూత తీసింది. సంతకం మొదటి అక్షరం మొదలుపెడుతుంటే నా కుర్చీ వెనక్కు పడిన శబ్దం వినిపించింది. లేచింది నేనేనని అప్పుడు తెలిసింది.

"ఆగమ్మా, సంతకం పెట్టొద్దు" అన్నాను. జేబులోంచి టేపు తీసి డీను ముందు బల్ల మీద పెట్టాను. అది నా చేతి చెమటకు ముడుచుకుపోయింది, విప్పి అంటించి చూపించాల్సి వచ్చింది. పూజ, రిజిస్టరు, పింగ్, మరిచిపోవడం, అన్నీ చెప్పాను. డైరెక్టరు చెప్పిన ఖాళీ గీత సంగతి మాత్రం చెప్పలేదు, అది నాకూ ఆయనకూ మధ్య ఉండిపోయింది. డీను అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయితే ఇందాక లేదన్నారేం?" "భయపడ్డాను సార్" అన్నాను.

బయట నిలబడ్డ వైర్‌మన్‌ను పిలిపించి టేపు మీద రాత అతనిదేనా అని అడిగారు. "నాదే సార్. పండగ పొద్దు పని చేయగూడదని నేను మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉండాను" అన్నాడు.

నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ మూడేళ్ళు వెనక్కు పోయింది. డైరెక్టరు ఉగాది దాకా నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. విదేశీ సంస్థ మా క్షమాపణ తీసుకుని పత్రికలు తెరిచింది. ఆ అమ్మాయికి నిర్దోషి అని ఉత్తరం ఇచ్చారు, సీలు వేసిన కవరులో.

ఆ ఉత్తరం అందిన రెండో రోజున ఆమె ఆ కవరు పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చింది. థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను. మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది?

"సార్, నేను తప్పు చేసినానని పదకొండు బోర్డుల్లో పెట్టినారు. చేయలేదని కవర్లో పెట్టి ఇచ్చినారు. ఈ కవరు నేను ఎవరెవరికి చూపించుకుంటా తిరగాల?"

ఆ మధ్యాహ్నమే కొత్త నోటీసు టైపు చేయించాను. ఫలానా విద్యార్థినిపై వచ్చిన ఆరోపణ పూర్తిగా తప్పు, కంప్యూటర్ సెంటర్ పొరపాటు వల్ల ఆమె నంబరు వేరొకచోట వాడుకలోకి వచ్చింది, అందుకు చింతిస్తున్నాం. డైరెక్టరు వద్దనలేదు, చదవనూ లేదు. వైర్‌మన్ జిగురు డబ్బా పట్టుకుని వచ్చాడు. పది బోర్డుల్లో అంటించి, చివరికి జీవరసాయన విభాగానికి వచ్చాం. ఆమె అక్కడే ఉంది. నోటీసు పైనుంచి కిందిదాకా చదివింది.

"దీంట్లో నా పేరు ఉండాది సార్. మీ పేరేది?"

"ఇది ఆఫీసు నోటీసమ్మా. మనుషుల పేర్లు వెయ్యరు."

"నా మీద పెట్టింది కూడా ఆఫీసు నోటీసే" అంది. కోపంగా అనలేదు. లెక్క తప్పు చూపించినట్టు అంది. తర్వాత లేబరేటరీ వైపు నడిచింది. గైడు మళ్ళీ రానిచ్చాడు గానీ, ఆమెతో మాట్లాడడానికి అతనికి నెలలు పట్టాయని తర్వాత విన్నాను.

నేను పెన్ను తీసి 'కంప్యూటర్ సెంటర్ పొరపాటు' అన్న చోట మొదటి రెండు మాటలూ కొట్టేసి నా పేరు రాశాను. వైర్‌మన్ వెనక్కు తిరిగాడు. వచ్చిన దారినే మిగతా పది బోర్డులకూ వెళ్ళి ఒక్కోదాని మీదా రాసుకుంటూ వచ్చాం. లైబ్రరీ ముందు బోర్డు దగ్గర నేనెవరో తెలియని ఒక లెక్చరరు నా భుజం మీదుగా వంగి చదివాడు.

"ఎవరండీ ఈయన?" అని నన్నే అడిగాడు.

"నేనేనండి" అన్నాను.